షేరుకు దిష్టి తీసిన గిర్ని అక్క

పోయిన వారం నాగర్‌కర్నూల్ బస్టాండు ఎదురుగా ఉన్న హోటల్లో మిర్చి బజ్జీలు తింటున్నాను. పక్క బల్ల దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు ఒకే ఫోను మీదికి వంగి కూర్చున్నారు. ఒకడు తెర మీద వేలు పెట్టి, "ఛీ, దీని మొకం మండ. గింత దరిద్రపుది నేను పుట్టి సూడలే" అన్నాడు. రెండోవాడు ముఖం వెలిగిపోతుండగా, "నాశనమైంది పో, ఇంగ దీని కత ఒడిసింది" అని ఇంకో ప్లేటు బజ్జీలు చెప్పాడు.

హోటలాయనకు జాలేసింది. "ఏమైంది బిడ్డా, పైసలు పోయినయా?" అని అడిగాడు. నాకు నవ్వాగక బజ్జీ గొంతుకు అడ్డం పడి, నీళ్ళ జగ్గు కోసం తడుముకున్నాను. వాళ్ళ దగ్గర ఏదో షేరు ఉంది. అది ఇవాళ బాగా పెరిగింది. వాళ్ళిద్దరూ గిర్ని అక్క దగ్గర తయారైన సరుకు. ఈ మూడు సంగతులూ ఎవరూ చెప్పకుండానే నాకు తెలిసిపోయాయి.

ఆమె పేరు ఇక్కడ రాయను. మంచి మాట పక్కన మనిషి పేరు పెట్టకూడదని ఆమె పట్టుదల, ఆమె మాట కాదని ఒకసారి నేను పడ్డ పాట్లు చాలు. వనపర్తిలో ఒక సందులో రేకుల షెడ్డు కింద పిండి గిర్ని నడిపేది. గోధుమలు, జొన్నలు, మిరపకాయలు, ఏది పోస్తే అది ఆడించి ఇచ్చేది. కనురెప్పల మీద కూడా పిండి ఉండేది. ఫోను మీద పిండి పడకుండా దాన్ని పాలిథిన్ కవర్లో చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, కొంగుకు ముడివేసుకునేది. ఆ కవరు మీంచే తెరను నొక్కేది. టైపు చేయడానికి చేతులు ఖాళీ ఉండేవి కావు కాబట్టి ఏది చెప్పినా వాయిస్ మెసేజే. ఆ మెసేజుల్లో ఆమె గొంతు కంటే వెనక గిర్ని మోత ఎక్కువ వినిపించేది. అందుకే మేమందరం ఫోను చెవికి అదిమిపెట్టుకుని వినడం నేర్చుకున్నాం. ఎప్పుడైనా వెనక మోత లేకుండా మెసేజు వచ్చిందంటే, గిర్ని బందు చేసి మరీ మాట్లాడిందన్నమాట. అప్పుడు ఎవరికో మూడిందని అర్థం.

మాది ఆన్‌లైన్‌లో షేర్ల గ్రూపు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వాళ్ళం. మార్కెట్ తెరిచింది మొదలు మూసే దాకా అందులో కొట్లాటే. ఒక పక్కకు పెద్ద గద్వాల విత్తనాల డీలరు. ఆయనకు ఏ టెక్నాలజీ షేరు చూసినా మొలకలే కనబడతాయి. "ఇప్పుడే ఏం జూసిన్రు, ముంగట ముంగట సూడున్రి" అంటాడు. రెండో పక్కకు పెద్ద కల్వకుర్తి లెక్కల సారు, రిటైరైన మనిషి. ఆయనకు ఏ షేరు చూసినా పరీక్ష తప్పబోయే పిల్లవాడే. ఎర్ర గీతలు గీసిన చార్టు పెట్టి, కింద "గమనించగలరు" అని రాస్తారు. ఏం గమనించాలో మాకు ఒక్కరికీ తెలిసేది కాదు. అడిగితే ఇంకో చార్టు పెడతారని భయపడి ఎవరూ అడిగేవాళ్ళు కాదు.

నేను నాగర్‌కర్నూల్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో కామర్సు చెప్తాను. షేర్ మార్కెట్ పాఠం ఏటా నేనే చెప్తాను, పిల్లలకు మార్కులు కూడా బాగా వస్తాయి. ఆ ఒక్క కారణంతో నాకు షేర్లు తెలుసనుకున్నాను.

నేను గ్రూపులో చేరేసరికి అందరూ పెంటయ్య అనే ఒక షేరు గురించి మాట్లాడుతున్నారు. కంపెనీ అసలు పేరు వేరే, పలకడానికి నోరు తిరగనిది. కృత్రిమ మేధ అనీ చిప్పులనీ ఏవో చేసే చిన్న కంపెనీ. ఒకరోజు ఆకాశంలో, ఒకరోజు పాతాళంలో ఉండేది. నేనూ కాసిన్ని కొన్నాను. నాలుగో రోజు గ్రూపు తెరిస్తే గుండె జారిపోయింది. "పెంటయ్య ఆగమైండు", "పెంటయ్య కాళ్ళిరిగినయ్", "పెంటయ్యకు కాలమొచ్చింది" అని అందరూ ఒకటే శాపనార్థాలు. రేటు చూస్తే పెరుగుతూనే ఉంది. అంటే లోపలి వార్త ఏదో వీళ్ళకు ముందే తెలిసిందన్నమాట అనుకున్నాను. కామర్సు చదివిన బుర్ర కదా, కళ్ళ ముందున్న రేటును నమ్మలేదు. అన్నీ అమ్మేశాను. సాయంత్రానికి పెంటయ్య ఇంకా పైకి పోయాడు.

"ఇదేం మోసం?" అని గ్రూపులో అడిగాను. ఒక్క నిమిషంలో గిర్ని మోత లేని మెసేజు వచ్చింది.

"సారూ, మీ దిక్కు పెంటయ్యలు లేరా? పుట్టిన పిల్లలు పుట్టినట్టు పోతుంటే, మల్ల పుట్టినోన్ని ఏం జేస్తరు? పెంటకుప్ప మీద పండవెడ్తరు. పక్కింటామె ఎత్తుకొని, చేటెడు తవుడు తీసుకొని తల్లికి అమ్ముతది. వానికి పెంటయ్య అని పేరు పెడ్తరు. ఈడు ఎవనికి పనికిరాడు అని యముడు గుడ సూడకుండ పోతడు. మా పెద్దన్న గట్లనే బతికిండు. మన షేరు గుడ రెండుసార్లు సావబోయి బతికింది. అందుకే పేరు పెట్టిన. లేసినప్పుడు తిట్టాలె. మెచ్చుకుంటే దిష్టి తగుల్తది. ఇది గుడ తెల్వదా, ఏం సదువు జెప్తవు నువ్వు?"

మా దిక్కు ప్రతి ఊళ్ళోనూ పెంటయ్యలు, పెంటమ్మలు ఉన్నారు. మా కాలేజీ అటెండరు కూడా పెంటయ్యే. అయినా నాకు తట్టలేదు.

ఇక పడినప్పుడు సంగతి వేరు. పెంటయ్య దిగిన రోజున ఆమె గొంతు విని తీరాలి. "నా బంగారి కొండ, ఏమైందిరా నాయనా, తలనొస్తుందా, జర పండు. పొద్దుగాల లేద్దువులే" అని జ్వరం వచ్చిన పిల్లవాడితో మాట్లాడినట్టు మాట్లాడేది. ఆ మెసేజు విని గద్వాల డీలరు కళ్ళ నీళ్ళు పెట్టుకున్నానని చెప్పాడు. కల్వకుర్తి సారు ఇదంతా మూఢనమ్మకమని పెద్ద వ్యాసం రాసి పెట్టారు. మర్నాడు పెంటయ్య లేస్తే ఆయన చార్టు కింద "పనికిమాలినది, గమనించగలరు" అని ఉంది. ఆయన ఆ షేరు కొన్నారని గ్రూపంతటికీ తెలిసిపోయింది.

ఒకనాడు డీలరుకూ లెక్కల సారుకూ పెద్ద గొడవ అయింది. రాబోయే కాలమంతా కృత్రిమ మేధదే అని ఒకరు, అదంతా గాలి బుడగ అని ఒకరు. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా సాగింది. ఆమె గిర్ని ఆపింది. "ఇద్దరు ఆగున్రి. మీకు తెలిసినంతల, పెంటయ్య ఏం పని జేస్తడో ఒక్కొక్కలు ఒక్క మాటల జెప్పున్రి."

డీలరు క్లౌడు అన్నాడు. సారు చిప్పుల డిజైను అన్నారు. ఒకాయన కంప్యూటర్లు వేడెక్కకుండా చల్లబరుస్తారన్నాడు. ఇంకొకాయన పొలాల మీద మందు కొట్టే డ్రోన్లన్నాడు. నా వంతు వచ్చింది. "సొల్యూషన్స్ అక్కా" అన్నాను. కంపెనీ పేరు చివర ఉన్నది అదే.

తర్వాతి మెసేజులో ఆమె నవ్వు వినబడింది. అది పిండి ఎగిరేలా నవ్వే నవ్వు. "పిల్లనిస్తుమంటిరి, లగ్గం పెట్టుకుంటిరి, పిల్లగాడు ఏం జేస్తడంటే ఒక్కనికి తెల్వకపాయె" అంది. ఆ నవ్వు మెసేజును నేను చాలా రోజులు దాచుకున్నాను. కాలేజీలో మనసు బాగాలేనప్పుడు స్టాఫ్ రూములో పెట్టుకుని వినేవాణ్ణి.

అంత తెలిసి కూడా నేను చేయకూడని పని చేశాను. అప్పటికి తిమ్మాజిపేటలో మా ఇంటి గోడలు లేచి ఉన్నాయి. మిరుగు వానలు, అదే మృగశిర కార్తె వానలు పడేలోపు స్లాబు వేయాలి. దానికని దాచిన డబ్బు బ్యాంకులో ఉంది. అందులో సగం మా ఆవిడ బ్లౌజులు కుట్టి కూడబెట్టింది. వేసవి మొదట్లో ఆ డబ్బు అలా ఊరికే పడి ఉండటం చూసి నాలోని కామర్సు లెక్చరరుకు బాధేసింది. మొత్తం తెచ్చి పెంటయ్య మీద పెట్టాను. ఇంట్లో చెప్పలేదు.

పెంటయ్య లేచాడు. నెలలోనే ఎంత లేచాడంటే, నేను స్లాబుతో ఆగకుండా పైన ఇంకో అంతస్తు, దాని మీద తులసి కుండీ కూడా ఊహించాను. ఒకరోజు లెక్కల సారు మళ్ళీ "ప్రమాదం, గమనించగలరు" అని చార్టు పెట్టారు. నాకు ఒళ్ళు మండింది. నా లాభం కనబడేలా ఫోను తెరను ఫొటో తీసి గ్రూపులో పెట్టి, కింద "పెంటయ్య మేలిమి బంగారం. నా జీవితంలో నేను చేసిన మంచి పని ఇదొక్కటే" అని రాశాను.

గిర్ని ఆగింది. "ఎవరు మెచ్చుకోమన్నరు సారూ నిన్ను? నోరు కట్టుకోనీకి ఏం రోగం?"

మర్నాడు మార్కెట్ తెరవగానే పెంటయ్య ఒక్కరోజులో పడగలిగినంత పడి, కొనేవాడు లేక ఆగిపోయాడు. షేర్లలో దీన్ని లోయర్ సర్క్యూట్ అంటారు. అమ్ముదామన్నా తలుపు మూసి ఉంటుంది. రెండో రోజూ అంతే. మేస్త్రీ గురువారం స్లాబు అని మా ఆవిడకు మాటిచ్చి పోయాడు. మా ఆవిడ ఆ రోజు పనివాళ్ళకు వండాల్సిన వాటి జాబితా రాస్తోంది. గ్రూపులో మాత్రం పండగలా ఉంది. "సారు నోరు తగిలింది" అని డీలరు. "సారుతోని దిష్టి తీపియ్యున్రి" అని మిగతావాళ్ళు. దిష్టి మీద అంత పెద్ద వ్యాసం రాసిన లెక్కల సారు కూడా, "శాస్త్రీయం కాదు. అయినా తీయించుకోగలరు" అని రాశారు.

ఆమె మాత్రం నాకు విడిగా ఫోన్ చేసింది. "నిజం జెప్పు సారూ. అండ్ల ఏం పైసలు పెట్టినవు?"

చెప్పాను. మనిషితో నిజం చెప్పి ఎన్నాళ్ళయిందో.

"రేపు పొద్దుగాల గిర్నికి రా. ఇంటామెను గుడ తీస్కరా. ఇద్దరు లేకుంటే దిష్టి పోదు" అని పెట్టేసింది.

మా ఆవిడతో, వనపర్తిలో జొన్నపిండి మెత్తగా ఆడించే గిర్ని ఉందట, పోయొద్దాం అన్నాను. ఆమె నమ్మింది. నమ్మి, జొన్నలు ఏరి, చెరిగి, సంచికి ఎత్తింది. పొద్దున బస్సులో ఆ సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఆమెను చూస్తే నా మీద నాకే అసహ్యం వేసింది.

మేము వెళ్ళేసరికి తొమ్మిది కావస్తోంది. గిర్ని అక్కను ఎదురుగా చూడటం నాకదే మొదలు. పొట్టి మనిషి, నా భుజం దాకా కూడా రాదు. ఆ గొంతు ఈ ఒంట్లోంచేనా వచ్చేది అనుకున్నాను. మా ఆవిడను గోనె సంచి మీద కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, నా వైపు తిరిగి, "ఫోను తెరిచి ఆమె చేతుల పెట్టు. లోపలి షేరు కనపడాలె. మూసి పెడ్తే దిష్టి ఎట్ల తీస్త?" అంది.

"ఫోనుకు దిష్టేంది?" అని మా ఆవిడ నా ముఖం చూసింది. నేను గిర్ని రాయి చూశాను. పిండి ఆడించుకోవడానికి వచ్చిన నలుగురు ఆడవాళ్ళు డబ్బాలు పట్టుకుని మా చుట్టూ చేరారు. ఆమె గుప్పిట్లో ఉప్పు, ఎండు మిరపకాయలు తీసుకుని మా ఆవిడ చేతిలోని ఫోను చుట్టూ తిప్పింది. "గద్వాల దిష్టి, కల్వకుర్తి దిష్టి, నాగర్‌కర్నూల్ దిష్టి, చార్టుల దిష్టి, డీలర్ల దిష్టి, సదువుకున్నోల్ల దిష్టి, సాటుగ పైసలు పెట్టినోల్ల దిష్టి" అంటూ మూడుసార్లు తిప్పి కుంపట్లో పోసింది.

దిష్టి ఉంటే మిరపకాయలు కాలినా ఘాటు రాదంటారు. ఇక్కడ వచ్చిన ఘాటుకు డబ్బాల ఆడవాళ్ళు దగ్గుకుంటూ సందులోకి పరుగెత్తారు. ఎదురింట్లో ఎవరో కిటికీ వేసుకున్నారు. నా కళ్ళలోంచి, ముక్కులోంచి ధారలు. అక్క తనూ దగ్గుతూ, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ తీర్పు చెప్పింది. "ఘాటొచ్చింది. దిష్టి లేదు, ఏం లేదు. తప్పు నీదే సారూ. ఇంగ ఆమెకు జెప్పుకో."

చెప్పాల్సిన అవసరం రాలేదు. ఫోను మా ఆవిడ చేతిలోనే ఉంది. నేను దగ్గుతున్నంతసేపూ ఆమె తెర మీది అంకెలు చదివింది.

"ఇవి స్లాబు పైసలేనా?"

"అవును."

"నా బ్లౌజుల పైసలు గుడనా?"

తలూపాను. ఆమె కళ్ళలో నీళ్ళు మిరపకాయలవో, వేరేవో నాకు తెలియలేదు. తెలుసుకునే ధైర్యం కూడా లేదు.

"ఇప్పుడు అమ్ముతె స్లాబు పడ్తదా?"

"కొనేవాడుంటే పడుతుంది. కొంచెం మిగులుతుంది కూడా. తలుపు తెరవకపోతే మాత్రం ఏం లేదు."

మార్కెట్ తొమ్మిదింబావుకు తెరుస్తారు. అక్క గోడ గడియారం కింద నిలబడింది. ఆడవాళ్ళు మెల్లగా మళ్ళీ లోపలికి వచ్చారు. ఏం జరగబోతోందో తెలియకపోయినా అందరూ గడియారం వైపే చూస్తున్నారు. తొమ్మిదింబావు అయింది. తలుపు తెరుచుకుంది. పెంటయ్య కొంచెం పచ్చగా లేచాడు. గ్రూపులో డీలరు, "పట్టుకోన్రి, ఇంగ ఆగడు" అని అరుస్తున్నాడు. లెక్కల సారు కూడా మొదటిసారి పచ్చ గీత గీశారు. ఆమె చేతిలోని తెర మీదికి చాచిన నా వేలు ఆగిపోయింది. ఇంకో రెండు రోజులు ఆగితే అనే మాట నా నాలుక చివర దాకా వచ్చింది.

"అక్కా, నువ్వేమంటవ్?" అని అడిగాను.

"నాకు పెంటయ్య సంగతి తెల్వదు. లేస్తడో, పడ్తడో, ఆయన ఇష్టం. వాన సంగతి తెల్సు. అది వస్తది."

మా ఆవిడ బొటనవేలితో అమ్ము అనే చోట నొక్కింది. దానికి ఓటీపీ కావాలంది ఫోను. ఆరంకెలు వచ్చాయి. నా కళ్ళు మండి ఒక్క అంకె కనబడదు. అక్క కళ్ళజోడు మీద పిండి. చివరికి మిరపకాయల డబ్బా పట్టుకున్న ఒక ముసలమ్మ ఫోను దూరంగా పట్టుకుని ఒక్కొక్క అంకె కూడబలుక్కుని చదివింది. ఎనిమిది దగ్గర ఆగి, "మూడా ఇది?" అని అడిగింది. మా షేర్లన్నీ అమ్ముడుపోయేదాకా ఆ గిర్నిలో ఎవరూ ఊపిరి తీయలేదు. పోయాక అందరూ ఒక్కసారిగా మళ్ళీ దగ్గారు.

ఆ తర్వాత అక్క మా జొన్నలు ఆడించి ఇచ్చింది. పిండి నిజంగానే మెత్తగా ఉంది. తిరుగు బస్సులో మా ఆవిడ బిజినేపల్లి దాకా పిండి సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బిజినేపల్లి దాటాక, "ఇంగ ఎన్నున్నయ్ గిట్లాంటియి?" అని అడిగింది. "లేవు" అన్నాను. ఆమె కిటికీ వైపు తిరిగింది. ఆ రోజు నుంచి అవసరానికి మాట్లాడేది, అన్నం పెట్టేది. అంతే. గురువారం స్లాబు పడింది. పనివాళ్ళకు నవ్వుతూ వడ్డించింది, నా విస్తట్లో నవ్వకుండా వడ్డించింది.

నెల తిరిగేసరికి పెంటయ్య మేము అమ్మిన రేటుకు రెట్టింపయ్యాడు. గ్రూపులో నాకు స్లాబు సారు అని పేరు పడింది. డీలరు పొద్దున్నే రేటు పెట్టి, "స్లాబు సారుకు నమస్కారం" అని రాసేవాడు. నేను నవ్వు బొమ్మ పెట్టి, ఫోను బోర్లించి, కొత్త స్లాబు కింద నిలబడి పైకి చూసేవాణ్ణి. అక్కడ పడని రెండో అంతస్తు నాకు కనబడేది. నిజం చెప్పొద్దూ, కడుపు మండేది.

మొదటి పెద్ద వాన ఒక ఆదివారం మధ్యాహ్నం వచ్చింది. మేము అప్పటికి సామానుతో ఆ ఇంట్లో దిగాం. తలుపులకు ఇంకా రంగు లేదు. మా ఆవిడ కుట్టు మిషను నడిమింట్లో పెట్టుకుని కుడుతోంది. వాన ఎంత గట్టిగా కురిసిందంటే ఎదుటి ఇల్లు కనబడలేదు. నేను గదిగదికీ తిరిగి గోడల మూలలు తడిమి చూశాను. అన్నీ పొడిగానే ఉన్నాయి. అప్పుడు గిర్ని అక్క ఫోన్ చేసింది.

"ఆడ వాన వడ్తుందా సారూ?"

"పడుతుందక్కా."

"స్లాబు ఎట్లున్నది?"

ఆమె దగ్గర నేర్చుకున్న చదువు ప్రకారం జవాబు చెప్పాను. "ఏం స్లాబక్కా, దరిద్రపుది, బోకుది."

"అది షేరు గాదు సారూ" అంది. "ఎంత మెచ్చుకున్నా కిందికి దిగదు. మంచిగ జెప్పు."

"మంచిగున్నది అక్కా. ఒక్క చుక్క కారలే."

"ఏమంటున్నవ్? నా రేకుల మీద వాన మోతకు ఇనపడ్తలే. ఈడ నాలుగు దిక్కుల కారుతుంది, గిన్నెలు పెట్టుకుంట కూసున్న. జర గట్టిగ జెప్పు."

"మంచిగున్నది అక్కా" అని అరిచాను.

"ఇంగోపారి."

మళ్ళీ అరిచాను. నా అరుపులకు కుట్టు మిషను ఆగింది. మా ఆవిడ లేచి వచ్చి నా ముందు నిలబడింది. ఎవరని అడగలేదు. ఫోను నా చేతిలోంచి తీసుకుని, నోటికి దగ్గరగా పెట్టుకుని, నాకంటే గట్టిగా, "మస్తు మంచిగున్నది అక్కా, మేమిద్దరం దీని కిందనే ఉన్నం" అంది.